నాలుగు లారీల ఇసుక

రోజు 41

ఈ రోజువారీ రాత కోచ్ సొంత చేత్తో రాయాలని తీర క్రీడల నిధి వారి నిబంధన. ఇదివరకు యంత్రానికి చెప్పేస్తే అదే రాసి పంపేది. అన్ని కోర్టుల్లోనూ అందరు పిల్లలూ అద్భుతంగా ఆడేస్తున్నట్టు రాతలు వచ్చేసరికి వాళ్లకి అనుమానం వచ్చింది. అందుకని ఇలా కూర్చుని రాస్తున్నాను. ప్రతి సీజన్‌కీ రోజు ఒకటి నుంచి మొదలుపెట్టి ఎనిమిదేళ్లుగా రాస్తున్నాను. చదివి ఒక్క ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

నా పేరు వాసుపల్లి దానమ్మ. వయసు యాభై మూడు. గోడపేట బీచ్ వాలీబాల్ కోర్టుకి కోచ్‌ని నేనే, ఊడ్చే మనిషినీ నేనే.

తెల్లవారుజామున నాలుగింటికి పిల్లలొచ్చారు. పది మంది. ఆరున్నరకి, ఎండ ముదిరిందని ఎండ కొమ్ము కూసేదాకా ఆట. కూశాక పొద్దు వాలేదాకా ఎవరూ బయట ఉండకూడదు. కోర్టు దాటేటప్పుడు ఒక్కొక్కరూ తొట్టిలో కాళ్లు కడుక్కుని, జేబులు తిరగేసి దులిపి మరీ వెళ్లాలి. తొట్టి అడుగున చేరిన ఇసుకని సాయంత్రం ఆరబెట్టి, జల్లించి మళ్లీ కోర్టులో పోస్తాను. రోజుకి రెండు దోసిళ్లు వస్తుంది. గాలికి పోయేది దానికి పదింతలు.

ఇసుక కొలిచే అధికారి నరహరి గారు వచ్చారు. ఇనుప చువ్వ గుచ్చి చూశారు. నెట్ దగ్గర పదమూడు అంగుళాలు, వెనక గీత దగ్గర పదకొండు.

"పదికి దిగితే మూసెయ్యాలమ్మా. కింద కాంక్రీటు కదా, పిల్లల కాళ్లు పోతాయి" అన్నారు.

"తెలుసు సార్. మరయితే ఇసక ఇప్పించండి."

"పిల్లల అంచనాలు వస్తేనే కదమ్మా ఇసుక వచ్చేది. మీవాళ్లవి ఇంకా రాలేదు."

ఆయనా నాలాగే అలిసిపోయిన మనిషి. ఆ చువ్వ మోసుకుని సముద్రపు గోడ మీద నడిచే బస్సులో ఊరూరూ తిరుగుతారు. మజ్జిగ ఇస్తే నిలబడే తాగి వెళ్లారు.

రోజు 44

గాలి. మూడింటికి లేచి చూసేసరికి వెనక గీత దగ్గర ఇసుకంతా చుట్టూ కట్టిన వలకి కొట్టుకుని కుప్పపడి ఉంది. పిల్లలు రాకముందే పారతో సర్దాను. నడుము పట్టేసింది.

జలజకి నిన్నటితో పదిహేనేళ్లు నిండాయి. బంగారి దాని కంటే రెండు నెలలు పెద్దది. ఇద్దరూ నాలుగేళ్లుగా జంట. బీచ్ వాలీబాల్లో జట్టంటే ఇద్దరే. బెంచీ మీద మూడో మనిషి ఉండదు, ఒకరు అలిసిపోతే ఇంకొకరు రారు. జలజ పొడుగు, నెట్ దగ్గర చేతులెత్తితే అవతలివాళ్లకి ఆకాశం కనిపించదు. బంగారి పొట్టి, వెనక ఎటు వేసినా బంతి కంటే ముందే అక్కడుంటుంది. ఆటలో ఒకరినొకరు పిలుచుకోవడం కూడా మానేశారు. అవసరం లేదు.

ఈరోజు బంగారి బంతి కోసం పడినప్పుడు మోచెయ్యి కాంక్రీటుకి తగిలింది. అక్కడ ఇసుక అంత పలచగా ఉంది.

"ఏటీ అవనేదప్పా" అంది, చెయ్యి వెనక్కి దాచుకుని.

అప్ప అంటే మా వైపు అక్క, ఇక్కడ పిల్లలందరూ నన్ను అప్పా అనే పిలుస్తారు. ఆ చేతికి ఉప్పునీళ్ల గుడ్డ కట్టాను.

రోజు 47

అంచనాలు వచ్చాయి.

నిధి వారి యంత్రం ఎముకల ఫొటోలు చూసి చెప్తుంది, ఏ పిల్ల ఎంత ఎదుగుతుందో, ఏ మోకాలు ఎన్నేళ్లు పనిచేస్తుందో, లీగ్‌లోకి వెళ్లేదెవరో. జలజ ఆరడుగుల రెండంగుళాలు అవుతుందట. లీగ్‌కి పనికొస్తుంది. బంగారి ఐదడుగుల రెండంగుళాల దగ్గర ఆగిపోతుందట. పనికిరాదు. మిగతా ఎనిమిదిమంది పేర్ల ఎదురుగా గీతలే ఉన్నాయి.

కింద ఉత్తరం. జలజని రాజధానిలో గాజు కప్పు కింద ఉన్న శిక్షణ కేంద్రానికి పంపాలి. అక్కడ వేరే పొడుగు పిల్లతో జంట కడతారు. తిండి, చదువు, వైద్యం అన్నీ వాళ్లవే. బదులుగా గోడపేట కోర్టుకి నాలుగు లారీల ఇసుక. కోచ్, తల్లి, ఆటగత్తె ముగ్గురూ పదిరోజుల్లో, అంటే యాభై ఏడో రోజు సాయంత్రంలోగా, సంతకాలు పెట్టాలి. 'ఈ విషయం కుటుంబానికి తెలియజేయవలసిన బాధ్యత కోచ్‌ది' అని ఉంది.

ఉత్తరం మడిచి బియ్యం డబ్బాలో పెట్టాను.

నా లెక్క ఇది. యాభై ఆరో రోజున భీమిలి దగ్గర ఎంపిక పోటీలున్నాయి. అక్కడ రెండు మ్యాచ్‌లు గెలిచిన జంటకి అంచనాతో పనిలేకుండా మూడేళ్లు నిధి ఇస్తారు. జంటకి. విడదీయరు. ఇద్దరూ గెలవగలరు. ఉత్తరం సంగతి ఇప్పుడు చెప్తే ఆట నుంచి మనసు పోతుంది. గెలిచాక ఎలాగూ ఆ ఉత్తరంతో పనుండదు.

ఇలా రాసుకుంటే సబబుగానే కనిపిస్తోంది.

రోజు 50

ఈరోజు కొమ్ము ఆరుకే కూసింది. అరగంట ఆట పోయింది.

సాయంత్రం జలజ తల్లి అసిరమ్మ వచ్చింది. సముద్రపు నాచు ఎండబెట్టే షెడ్డులో పని. చేతులు మణికట్ల దాకా ఆకుపచ్చగా ఉంటాయి, ఎంత తోమినా పోవు. ఇసుక జల్లిస్తుంటే పక్కన కూర్చుని తనూ ఓ జల్లెడ అందుకుంది.

"గుంట తెగ ఎదిగిపోతంది దానమ్మా. ఎంతెట్టినా సాలట్లేదు. నిన్న నా కంచంలోదీ ఎట్టీసినాను. ఆ నిధోల్లు ఏటన్నా కబురెట్టినారా?"

"ఇంకా నేదు" అన్నాను.

"వస్తే సెప్పుమీ. నానేటీ ఆశపడట్లేదు గానీ."

"సెప్తాను."

ఇంకో గంట కూర్చుని జల్లించి వెళ్లింది. తన కంచంలో అన్నం కూతురికి పెట్టిన మనిషికి అబద్ధం చెప్పాను. అన్నం వండుకుందామని బియ్యం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశాను.

రోజు 53

వెనక గీత దగ్గర పదిన్నర. పక్కల నుంచి తవ్వి వెనక్కి పోశాను. ఇప్పుడు పక్కలు పలచన. నరహరి గారి చువ్వకి ఈ ఎత్తుగడ తెలియదనుకోవడం నా వెర్రి.

నిద్ర సరిగ్గా లేదు. ఇక్కడ ఒక సంగతి రాయాలి, ఎవరూ చదవరు కాబట్టి.

నేను పదిహేడేళ్ల వయసులో అసలు బీచ్ మీద ఆడాను. ఇప్పుడది గోడకి అవతల నీళ్ల కింద ఉంది. నా జంట పేరు ముత్యాలు. పొడుగుది. ఒక స్పాన్సర్ కంపెనీ వచ్చి దాన్ని తీసుకెళ్లి ఇంకో పొడుగుదానితో కలిపింది. ముత్యాలు పదకొండేళ్లు లీగ్ ఆడింది. నేను ఆ సీజనంతా జంట దొరక్క గట్టున కూర్చుని చూశాను. తర్వాత ఎవరో ఒకరు దొరికారు, ఆరేళ్లు ఆడాను. పెద్దగా ఏమీ గెలవలేదు. ముత్యాలు మీద నాకు కోపం లేదు, ఎప్పుడూ లేదు. ఆ గట్టు మీద కూర్చున్న సీజన్ మాత్రం ఇంకా పోలేదు.

బంగారిని చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

రోజు 56

తెల్లవారుజాము బస్సుకి బయల్దేరాం. గోడ మీద రెండు గంటల ప్రయాణం. భీమిలి దగ్గర ఒడ్డుకి దూరంగా తేలే కోర్టు కట్టారు, పైన తెల్లటి గుడారం, లోపల చల్లటి గాలి. ఇసుక పద్దెనిమిది అంగుళాలు. పిల్లలిద్దరూ ఒక్క నిమిషం దానిలో కాళ్లు కదిపి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. బంగారి కావాలనే ఓసారి వెల్లకిలా పడింది. దెబ్బ తగలకుండా పడటం దానికి కొత్త.

మొదటి మ్యాచ్ గెలిచారు. ఇరవై ఒకటి పదిహేడు, ఇరవై ఒకటి పంతొమ్మిది. నాకు కళ్లనీళ్లొచ్చాయి, గాలి చల్లదనం వల్లనని సర్దిచెప్పుకున్నాను.

రెండోది గాజు కేంద్రం జంటతో. మొదటి సెట్ మనదే. రెండో సెట్ నుంచి వాళ్లు ప్రతి సర్వ్ బంగారికే వేశారు. ఆటలో ఇది తప్పు కాదు, ఎవరైనా చేసేదే. సర్వ్ ఎవరు అందుకుంటే చివరికి కొట్టాల్సింది వాళ్లే. జలజ బంతి ఎత్తి ఇస్తుంది, బంగారి ఎగిరి కొట్టాలి. ఎదురుగా ఆరడుగుల పిల్ల చేతులెత్తి నిలబడుతుంది. బంగారి కొట్టలేక పక్కలకి తోసింది, పైనుంచి మెల్లగా వదిలింది, ఖాళీ కనిపించిన మూలకల్లా వేసింది. పది పాయింట్ల దాకా అవి పడ్డాయి. తర్వాత వాళ్లు కనిపెట్టేశారు.

ఆ లోతు ఇసుకలో కాళ్లు తేలడం లేదు. పదకొండు అంగుళాల మీద నేర్చుకున్న కాళ్లవి. మూడో సెట్‌కి బంగారి పిక్కలు పట్టేశాయి.

టైమవుట్ తీసుకున్నాం. జలజ ఏడుపు మొహం పెట్టుకుని ఉంది. "నాకెయ్యట్లేదప్పా. ఒక్కటీ నాకెయ్యట్లేదు. ఊరికే నిలబడ్డాను."

"నాను తీస్తాను" అంది బంగారి, పిక్క నొక్కుకుంటూ. "అన్నీ నాకే ఎయ్యనీ."

అన్నీ తీసింది. పన్నెండు పదిహేనుతో ఓడిపోయారు.

గుడారం బయట నీళ్లు తాగుతుంటే నరహరి గారు ఎదురొచ్చారు. ఆయనకి పోటీల్లో ఇసుక కొలిచే పని పడిందట. జలజని చూసి, "బాగా ఆడావమ్మా. ఓడిపోయామని బాధపడకు. ఎలాగూ వచ్చే వారం నుంచి గాజు కేంద్రంలో వీళ్లతోనే కదా నువ్వుండేది" అన్నారు.

జలజ నావైపు చూసింది. బంగారి నేల చూసింది. నరహరి గారికి ఏదో తప్పు జరిగిందని తెలిసింది, ఏమిటో తెలియలేదు. నేను, "తర్వాత మాట్లాడుకుందాం, బస్సుకి టైమైంది" అన్నాను.

తిరుగు బస్సులో రెండు గంటలు. వాళ్లిద్దరూ ముందు సీట్లో కూర్చున్నారు. నేను వెనక.

రోజు 57

ఆట పెట్టలేదు. పొద్దున్నే ఉత్తరం పట్టుకుని అసిరమ్మ ఇంటికి వెళ్లాను. బంగారి అప్పటికే అక్కడుంది.

ఉత్తరం అసిరమ్మకి ఇచ్చాను. తను చదవలేనని జలజకి ఇచ్చింది. జలజ పైకి చదివింది. తారీకు దగ్గర ఆగింది.

"పది రోజులయ్యింది" అంది.

"పోటీల్లో గెలుస్తారనుకున్నాను. గెలిస్తే జంట విడిపోదు కదాని..."

"నన్నడగనేదేటప్పా?"

"బంగారి ఒక్కతీ అయిపోతాదని..." అన్నాను.

అప్పటిదాకా గుమ్మంలో కూర్చున్న బంగారి లేచింది. అది నా మీద గొంతెత్తడం ఇదే మొదటిసారి.

"నా కోసరమని సెప్పకప్పా. నానడిగినానేటి? నాకు తెలిస్తే ఆ రోజే దీన్ని ఎల్లమందును. నిన్న అన్ని బంతులూ నాను తీసినాను. ఓడిపోతే దీనికి ఇంకేటీ దొరకదేమోనని తీసినాను. కాళ్లు పట్టేసినా తీసినాను. నీకు ముందే తెలుసు, దీనికి దొరికిందని."

కూర్చోమని ఎవరూ అనలేదు, నిలబడే ఉన్నాను.

అసిరమ్మ అరవలేదు. ఆకుపచ్చ చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఆ రోజు ఇసక జల్లిస్తా అడిగినాను కదా దానమ్మా" అంది. అంతే. అరిచి ఉంటే నయం.

"తప్పయిపోనాది" అన్నాను. "ఇంకా సాయంత్రం దాకా టైముంది. ఎల్తావా ఎల్లవా అన్నది నీ ఇష్టం జలజా. కోర్టు గురించి ఆలోచించకు. ఇసక గురించి అసలే వద్దు."

జలజ బంగారి దగ్గరకెళ్లి గుమ్మంలో కూర్చుంది. బంగారీ పక్కన కూర్చుంది. ఏదో గుసగుసగా అనుకున్నారు, నాకు వినపడలేదు. తర్వాత జలజ వచ్చి, "ఎల్తాను" అంది. తల్లి వైపు చూసి, "అక్కడ కడుపునిండా ఎడతారంట" అని, అప్పుడు ఏడ్చింది.

గోడ ఆఫీసులో ముగ్గురం సంతకాలు పెట్టేసరికి మూసే వేళయింది.

రోజు 62

జలజ వెళ్లింది. బస్సు దగ్గరికి మిగతా తొమ్మిది మంది పిల్లలూ వచ్చారు. బంగారి దాని జడ విప్పి మళ్లీ గట్టిగా అల్లింది. తల్లి కాళ్లకి దండం పెట్టింది జలజ. నా దగ్గరికొచ్చి ఒక్క క్షణం నిలబడింది.

"మోకాళ్లు జాగ్రత్త. బంతెత్తేటప్పుడు ఎడమ భుజం..." అన్నాను.

"తెలుసప్పా" అంది. బస్సెక్కేసింది.

అది నన్ను క్షమించినట్టో లేదో తెలియదు. ఎలా ఉన్నా, దానికి ఆ హక్కుంది.

రోజు 66

నాలుగు లారీలూ వచ్చాయి. కొమ్ము కూసే లోపల దింపించాలని పరుగులు పెట్టించాం. నరహరి గారు వెంట వచ్చారు. నా మొహం చూడటానికి ఇబ్బంది పడుతున్నారు, నాకూ అలాగే ఉంది.

తెచ్చిన ఇసుకని జల్లించాకే పోయాలి. రాళ్లుంటే కాళ్లు తెగుతాయి. సాయంత్రం నేనూ బంగారీ మొదలుపెట్టాం. మూడో జల్లెడలో ఒక పిన్నీసు వచ్చింది. తర్వాత నీలం రంగు జడ క్లిప్పు. తర్వాత సగం తెగిన రబ్బరు గీత, కోర్టు హద్దుకి కట్టేది.

బంగారి క్లిప్పు చేతిలో పట్టుకుని, "ఇది ఎక్కడి ఇసకప్పా?" అంది.

రాత్రి నరహరి గారికి ఫోన్ చేసి అడిగాను.

"రేవుపేట కోర్టుదమ్మా. వాళ్లది పదికి దిగింది. ఒక్క పిల్లా పనికొస్తుందని అంచనా రాలేదు. మూసేశారు. కొత్త ఇసుక ఎక్కడుంది చెప్పండి? ఉన్నదే అటూ ఇటూ తిప్పుతున్నాం."

"ఎంతమంది పిల్లలు?"

"ఏడుగురు."

రోజు 67

ఈసారి దాచలేదు. ఆట అయ్యాక పిల్లలందర్నీ కూర్చోబెట్టి ఇసుక ఎక్కడిదో చెప్పాను. చిన్నవాళ్లకి సరిగ్గా అర్థం కాలేదు. "ఆల్లకి మరి కోర్టేదప్పా?" అని ఒక పిల్ల అడిగింది.

"నేదు" అన్నాను.

అందరూ వెళ్లాక బంగారి ఆగింది. జలజ వెళ్లిన దగ్గర్నుంచీ అది రోజూ వస్తోంది, జంట లేకుండానే. గోడకి బంతి కొట్టుకుంటుంది, చిన్నపిల్లలకి బంతులేస్తుంది. పదహారు నిండితే అంచనాలో పనికిరాని పిల్లల పేరు కోర్టు జాబితాలోంచి తీసేస్తారు. ఇంకా తొమ్మిది నెలలుంది.

"ఆల్లని ఇక్కడికి రమ్మందామప్పా."

"ఉన్నది ఒక్క కోర్టు, రెండున్నర గంటలు. పదహారుమందిని ఎలగ ఆడించీది? ఇసక కూడా తొరగా పోద్ది. నిధోల్లు ఒప్పుకోరు."

"ఒప్పుకోరా, తెలీదా?"

"తెలీదు."

"అడుగు మరి."

విసుగొచ్చింది. నడుం నొప్పి, నిద్రలేమి, ఇంకా పరవాల్సిన రెండు లారీల ఇసుక. అది అడిగింది ఒక్క ప్రశ్నే గానీ, దాని వెనక ఎంత పనుందో నాకు కనిపిస్తోంది. అయినా నిధి వారి నిబంధనల పుస్తకం తీసి చదివాను. బయటి ఊరి పిల్లల్ని రానివ్వకూడదని ఎక్కడా లేదు. రావచ్చనీ లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ రాయలేదనుకుంటాను.

రోజు 69

రేవుపేట వెళ్లాను. బస్సులో నలభై నిమిషాలు. కోర్టు ఉన్నచోట బోసి కాంక్రీటు, నాలుగు మూలలా ఇనుప కొక్కేలు. వాళ్ల కోచ్ అప్పలస్వామి మాస్టారు నాకు తెలుసు, మా కాలంలో మగవాళ్ల లీగ్ ఆడాడు. ఇంట్లోంచి బయటికి రాలేదు. కిటికీలోంచే మాట్లాడాడు.

"ఇసక అందిందా?" అన్నాడు.

"అందింది మాస్టారూ. పిల్లల్ని పంపండి. మీరూ రండి."

"నాను రానమ్మా. ఆల్లని ఒద్దనను. ఆల్ల అమ్మల్నడుగు."

ఏడుగురివీ కలిపి ఆరిళ్లు తిరిగాను. ఇద్దరు పొమ్మన్నారు. ఒకామె మంచినీళ్లిచ్చి, చూద్దాంలే అంది. తిరిగొచ్చేసరికి కాళ్లు వాచాయి.

రోజు 73

కొత్త ఇసుక పరచడం నిన్నటితో అయింది. చువ్వ పదిహేడు దాకా దిగింది. పిల్లలు ఇంకా అలవాటు పడలేదు, త్వరగా ఆయాసపడుతున్నారు.

నాలుగుంపావుకి మొదటి బస్సు దిగి రేవుపేట పిల్లలు వచ్చారు. ముగ్గురే. ఇద్దరు అక్కాచెల్లెళ్లు, వాళ్ల వెనక పదేళ్ల పిల్ల ఒకతి, బక్కగా, మోకాళ్ల నిండా పాత గాయాల మచ్చలు. పేరు చింతాలు అని చెప్పింది.

అక్కాచెల్లెళ్లు వెంటనే లోపలికి వెళ్లారు. చింతాలు గీత దగ్గరే ఆగిపోయింది. మా పిల్లలు ఆట ఆపి చూస్తున్నారు. అది వంగి ఒక పిడికెడు ఇసుక తీసుకుని, వేళ్ల సందుల్లోంచి వదిలి చూసింది.

"ఇది మా ఇసకే" అంది. తగువుకి వచ్చినట్టు కాదు, పోయిన వస్తువు ఎదురింట్లో కనిపించినట్టు.

నేనేదో చెప్పబోయాను. నాలుగు మాటలు అల్లుకున్నాను కూడా. అంతలో బంగారి బంతి చంకలో పెట్టుకుని దాని దగ్గరికి నడిచింది.

"మీదే" అంది. "రా."

చింతాలు ఇంకా కదల్లేదు. కోర్టులో ఉన్నవాళ్లనందర్నీ ఒక్కొక్కర్నీ చూసింది. జంటలు జంటలుగా నిలబడి ఉన్నారు అందరూ.

"నాకు జంట నేదు" అంది.

"నాకూ నేదు" అంది బంగారి. బంతి దాని చేతిలో పెట్టింది. "నువ్వు సర్వెయ్యి. వెనకాల నాను సూసుకుంతాను."